డీజిల్ ట్రక్కుకు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్



అమెరికాలో 1998 మధ్య నుంచి 2002 మోడల్ వరకు వచ్చిన డాడ్జ్ రామ్ డీజిల్ ట్రక్కుల్లో 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్, బాష్ వీపీ44 ఇంజెక్షన్ పంపు ఉంటాయి. ఈ పంపును చల్లబరిచేదీ, అరగకుండా కాపాడేదీ డీజిలే. దానికి డీజిల్ అందించే లిఫ్ట్ పంపు నీరసించినా బండి మామూలుగానే నడుస్తుంది. ఈలోగా ఖరీదైన ఇంజెక్షన్ పంపు పాడైపోతుంది. లిఫ్ట్ పంపు నీరసించిన సంగతి ముందే చెప్పేది ప్రెషర్ గేజ్.

ఈ బండికి 0 నుంచి 30 పీఎస్ఐ గేజ్ చాలు. 100 పీఎస్ఐ గేజ్‌లో చిన్న తేడాలు కంటికి ఆనవు. మెకానికల్ గేజ్ అయితే డీజిల్ పైపు నేరుగా క్యాబిన్‌లోకి రాకూడదు. డీజిల్‌ను బయటే ఆపే ఐసోలేటర్ మధ్యలో తప్పనిసరి. ఎలక్ట్రిక్ గేజ్‌కు లోపలికి వచ్చేది వైరు మాత్రమే కాబట్టి అదే క్షేమం.

ఇంజన్ చల్లారాక, బ్యాటరీ కనెక్షన్ తీసి పని మొదలుపెట్టండి. ఫిల్టర్‌కూ ఇంజెక్షన్ పంపుకూ మధ్య గేజ్ కనెక్షన్ ఇస్తే ఫిల్టర్ మూసుకుపోయినా తెలుస్తుంది. ప్రెషర్‌ను కొలిచి గేజ్‌కు పంపే సెండర్‌ను ఇంజన్ మీద బిగించవద్దు, అదురుకు చెడిపోతుంది. డీజిల్‌కు తట్టుకునే హోస్‌తో పక్కన బిగించి, మధ్యలో నీడిల్ వాల్వ్ పెట్టి, దాన్ని కొద్దిగానే తెరవండి. ఇంజెక్టర్లకు వెళ్లే హైప్రెషర్ పైపుల జోలికి మాత్రం పోవద్దు. అక్కడి సన్నని ధార చర్మాన్ని చీల్చుకుపోతుంది.

చివరగా బ్యాటరీ కనెక్షన్ తిరిగి ఇచ్చి, ఇంజన్ స్టార్ట్ చేసి, ప్రతి జాయింటునూ పొడిగుడ్డతో తుడిచి లీకేజీ చూడండి. ఐడిలింగ్‌లో ప్రెషర్ 10 పీఎస్ఐ దాటాలి. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు 5 కంటే తగ్గితే, ఆలస్యం చేయకుండా ఫిల్టర్, లిఫ్ట్ పంపు చూపించండి.