లిటిలా, ఎ లిటిలా?

ఇంగ్లీషులోని మెనీ, మచ్‌ల తేడా తెలుగులో లేదు కాబట్టే మన పిల్లలు తికమకపడతారని కొందరంటారు. అది సగం నిజం. చాలా ఇళ్లు, చాలా డబ్బు: రెంటికీ ఒకటే మాట. కానీ ప్రశ్న వేసి చూడండి. 'ఎన్ని ఇళ్లు' అంటాం, 'ఎంత డబ్బు' అంటాం. ఎన్ని అయితే మెనీ, ఎంత అయితే మచ్. 'ఎంతమంది' ఒక్కటే ఎదురు తిరుగుతుంది, అది మెనీయే. నీళ్లు, పాల దగ్గర ఈ ఉపాయం పనిచేయదన్న అభ్యంతరం సరైనదే. మనకు అవి బహువచనాలు, 'కొన్ని నీళ్లు పొయ్యి' అంటాం. ఇంగ్లీషులో వాటికి మచ్, లిటిల్ వాడాలి. కడపలో తెలుగు నేర్చి, 1840లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం వెలువరించిన బ్రౌన్ దొరకు ఇదే చిక్కు తలకిందులుగా ఎదురై ఉంటుంది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది 'లిటిల్' ముందుండే 'ఎ'తోనే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరే కర్నూలు-కడప కాలువలో 'ఎ లిటిల్ వాటర్' ఉందంటే ఎంతో కొంత ఉన్నట్టు. 'లిటిల్ వాటర్' అంటే దాదాపు లేనట్టే. లెక్కపెట్టేవాటికి ఎ ఫ్యూ, ఫ్యూలదీ అదే తీరు. మాట్లాడేటప్పుడు ఇంత పట్టింపు ఎందుకంటారా? నిజమే, మాటల్లో ఇంగ్లీషువాళ్లు కూడా ఎక్కువగా 'నాట్ మచ్' అనేస్తారు. రాతలో మాత్రం ఆ 'ఎ' దగ్గర జాగ్రత్త తప్పదు. పైరు ఎండుతోందని అర్జీ పెట్టుకునే రైతు 'ఎ లిటిల్' అని రాస్తే, చదివే అధికారికి నీళ్లున్నాయనే అర్థమవుతుంది.