ఊపిరి దగ్గర కొలవండి

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు పెద్దలు చెప్పేశారు కాబట్టి నా దిగులొక్కటే చెబుతాను. దేనిమీదైనా ‘పర్యావరణహితం’ అన్న ముద్ర కనబడితే చాలు, మీ తరం కొలవడం మానేస్తోంది. చేవెళ్ల, మొయినాబాద్‌ల మధ్య చదువుకున్నవాళ్లకు ఇది తగదు. హైదరాబాద్ తాగునీటి జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో 111 జీవో వచ్చింది. దానిమీద ఎంత రగడ జరిగినా అందులోని తర్కం గట్టిది. ముప్పును నీళ్లు తాగేవాడి వైపు నుంచి చూడాలి. రేపు మీరు రిపోర్టులు రాసే భూగర్భ గనిలో అయితే గాలి పీల్చేవాడి వైపు నుంచి చూడాలి.

అక్కడి డీజిల్ యంత్రాలు పొగ వదులుతాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. అందుకు బలమిచ్చిన అధ్యయనాల్లో ఒకటి అమెరికాలో 8 గనుల్లోని 12 వేలకు పైగా కార్మికుల మీద జరిగింది. డీజిల్ బదులు ‘పర్యావరణహితం’ అనే బయోడీజిల్ పోస్తే మసి తగ్గుతుంది, సంతోషమే. కానీ కొలిచే తీరు చూడండి. కార్మికుడి కాలరుకు చిన్న ఫిల్టరు, నడుముకు పంపు కట్టి షిఫ్టంతా గాలి లాగిస్తారు. ఆ ఫిల్టరును ల్యాబులో వేడిచేసి మసి కార్బన్‌ను విడిగా లెక్కకడతారు. బయోడీజిల్‌తో ఆ అంకె పడిపోతుంది. అదే సమయంలో కణాల్లో సేంద్రియ పదార్థం వాటా పెరుగుతుంది, చాలా ఇంజన్లలో నైట్రోజన్ ఆక్సైడ్లూ కాస్త పెరుగుతాయి. ఫిల్టరు తెల్లబడిందని సంబరపడితే, ఒక్క జవాబు రాసి పేపరంతటికీ మార్కులు వేసుకున్నట్టే.

గనిలో పెద్ద ఫ్యాన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ మెయిన్ దారిలో వీచే గాలంతా తవ్వకం జరిగే ఫేస్ దగ్గర లోడరు వెనక నిలబడ్డవాడికి అందదు. కరెంటు యంత్రాలొస్తే గొడవే ఉండదంటారు. అది సరైన దారే, సింగరేణి బాయిల్లో బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు కరెంటువే. అయినా లోహ ఖనిజ గనుల్లో తిరిగే డీజిల్ లోడర్లను, డంపర్లను ఎవరూ రేపే తుక్కుకు వేయరు. పైగా 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 నాటి జాతీయ విధాన లక్ష్యం. నేను బయోడీజిల్ వద్దనడం లేదు. మసి, సేంద్రియ భాగం, కణాల సంఖ్య, వాయువులు, ఈ నాలుగూ కొలిచాకే రిపోర్టుమీద సంతకం పెట్టమంటున్నాను.

కొత్త ఫోను కొనేముందు నాలుగు రివ్యూలు చూస్తారు గదా! మనుషులు పీల్చే గాలికి ఆపాటి శ్రద్ధ పెట్టలేరా? ఏం కొలిచారో తెలియకుండా రిపోర్టుమీద సంతకం చేశారని తెలిస్తే, ఈ పట్టా వెనక్కి తీసుకోమని ప్రిన్సిపాల్ గారికి నేనే ఉత్తరం రాస్తాను. వెళ్లి రండి.