పండితులవారి గంటలో గణితము

కళాశాలలలో ఒకరి గంటను మఱియొకరు తీసికొనుట క్రొత్తగాదు. చరిత్ర చెప్పువారు సెలవు పెట్టినచో అర్థశాస్త్రము చెప్పువారు పోయి, హాజరు పిలిచి, విద్యార్థులను ఊరక కూర్చుండబెట్టి వత్తురు. అట్టి గంటకు పిల్లలు సంతోషింతురే గాని దానినుండి ఏమియు ఆశింపరు. మాకు తటస్థించిన గంట అట్టిది కాదు.

1984 ఫిబ్రవరిలో మేము కోస్తా జిల్లాలలోని యొక కళాశాలలో గణితము చెప్పుచుంటిమి. తెలుగు పండితులవారికి విషజ్వరము వచ్చెను. పరీక్షలు మూడు వారములలో నుండెను, ఛందస్సు మిగిలిపోయెను. ప్రిన్సిపాలుగారు మమ్ము పిలిచి, "మీరు పద్యము బాగుగా చదువుదురట, ఆ తరగతి చూడండి" అనిరి. పద్యము చదువుటకును ఛందస్సు చెప్పుటకును గల దూరము వారికి తోచలేదు. మేము నోరు విప్పునంతలో గంట కొట్టిరి.

తరగతిలో అరువది మంది. "లెక్కల మాస్టారు!" అని వెనుక బల్లలలో నవ్వులు. ఛందస్సు ప్రశ్నను తామందఱు వదలివేయ నిశ్చయించుకొంటిమని ముందు బల్లనున్న యొక బాలిక నిర్మొగమాటముగా చెప్పెను. పోవునవి నాలుగు మార్కులే యైనచో మేము కలతపడియుండము. గణముల పట్టికకు బెదరినవారు పద్యమునకే దూరమగుదురు. పండితులవారి త్రోవ మాకు రాదు గనుక మా త్రోవనే పట్టితిమి.

అక్షరము గురువైనను కావలెను, లఘువైనను కావలెను. ఒక యక్షరమునకు రెండు రీతులు, రెంటికి నాలుగు, మూటికి ఎనిమిది. ఆ యెనిమిదియే వారిని బెదరించిన గణములు. ఉత్పలమాల పాదమునకు ఇరువది యక్షరములు. రెట్టించుచు పొండనగా, నల్లబల్లపై 10,48,576 తేలెను. నిమిషమున కొక్కటి చొప్పున వ్రాసినను, నిద్రాహారములు మాని రెండేండ్లు వ్రాయవలెను!

అన్నియు గురువులైన దానిని మొదటిదిగా పెట్టి క్రమముగా వ్రాయుట ప్రస్తారము. అంతయు వ్రాయకయే ఒక వృత్తము ఎన్నవదో చెప్పుట ఉద్దిష్టము. అక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టించుచు వేసి, లఘువులపై నున్న యంకెలను మాత్రము కూడి, ఒకటి చేర్చవలెను. రగణమున నడుమ నున్నదే లఘువు. దానిపై 2, ఒకటి చేర్చగా 3. మ, య, ర అను వరుసలో రగణము మూడవదే గదా! ఉత్పలమాలకు లెక్కింపగా 3,55,799 వచ్చెను. దాని మొదటి గురువును రెండు లఘువులుగా విఱిచిన చంపకమాల యగును, 7,11,600. నవ్వినవారే బల్లయొద్దకు వచ్చి కూడికలు సరిచూచిరి.

ఇది మా కల్పన కాదు. పింగళుని ఛందశ్శాస్త్రముననే ఈ లెక్కలకు మూలము గలదు. కేదారభట్టు వృత్తరత్నాకరమున వీనిని ప్రత్యయములని చెప్పెను. పదవ శతాబ్దమున హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారమునే పాశ్చాత్యులు పదునేడవ శతాబ్దపు పాస్కలు పేర వ్యవహరింతురు. మేము ఏండ్ల తరబడి పాస్కలు పేరనే చెప్పుచుంటిమి, ప్రక్క గదిలో పింగళుడుండగా!

గంట ముగియుచుండగా వెనుక బల్లనుండి యొకడు లేచెను. "మాస్టారూ, పది లక్షలకు పైగా ఉండగా మన కవులు ఈ ఉత్పలమాలనూ మత్తేభాన్నే ఎందుకు ఏరుకొన్నారండీ?" గణితము దానికి బదులు చెప్పదు. ఆ ప్రశ్నను పండితులవారికై కాగితముపై వ్రాసికొంటిమి.

సాయంకాలము వారి యింటికి పోతిమి. మంచముపైనుండియే అంతయు విని, "ముప్పది యేండ్లుగా గురువును విఱిపించి చంపకమాల చేయించుచున్నాను గాని, ఎన్నవదని అడిగినవారు లేరండీ. శార్దూలము ఎన్నవది?" అనిరి. లెక్కించి, 1,49,337 అంటిమి. వారు కన్నులు మూసికొని వ్రేళ్లపై నేదో గుణించి, "ఐనచో మత్తేభము, రెట్టింపునకు రెండు చేర్చి, 2,98,676 కావలె నేమో చూడండి" అనిరి. సరిపోయెను. జ్వరపడిన మనిషికి లెక్కలు పెట్టుచున్నామని వారి యిల్లాలు మాపై కోపించిరి. ఆ కోపము న్యాయమైనదే.

రెండు వారములకు వారు కళాశాలకు వచ్చిరి. మొదటి గంటలోనే ఆ బాలుని లేవనెత్తి ప్రశ్నను మరల అడిగించి, బదులుగా భారత పద్యములు చదువ మొదలిడిరి. యతి తావున గొంతు కొంచె మాగి మరల సాగుట గోడ యివతలి మా గదిలోనికి స్పష్టముగా వినవచ్చెను. మా విద్యార్థులు కలములు క్రింద పెట్టి అటే చెవియొగ్గిరి. మేమును సుద్దముక్కను బల్లపై నుంచితిమి.