ఆటమీటలు పలికే మాట



రేడియో మన దేశంలో కొత్తగా వ్యాపించిన దినాలలో దానిని విని ఆనందించినవారు కొందరు, విప్పి చూచి ఆనందించినవారు మరికొందరు. ఈ రెండవ వర్గమువారు గెలీనా అనే ఖనిజపు ముక్కను, రాగితీగ చుట్టను, చెవికి తగిలించుకొనే ఫోనును సమకూర్చుకొని, బ్యాటరీ అయినా లేని రేడియోను ఇంటిలోనే నిర్మించుకొన్నారు. వస్తువును కొని వాడుకొనుట ఒక పద్ధతి. అది ఎట్లు పనిచేస్తున్నదో కనుగొనుట మరియొక పద్ధతి. ఈ రెండవ పద్ధతి నేటి బాలబాలికలకు ఏ వస్తువుతో సులభంగా అలవడగలదని ఆలోచించినప్పుడు మాకు తోచినది వీడియో గేము కంట్రోలరు. పిల్లలు రెండు చేతులా పట్టుకొని, బొటనవ్రేళ్లతో మీటలు నొక్కే ఆ చిన్న పరికరమే నేటి మా ప్రసంగ విషయము.

జపానుకు చెందిన నింటెండో సంస్థ 1983లో ఫామికాం అనే ఆటల యంత్రాన్ని వెలువరించినది. దాని కంట్రోలరుపై ఎడమవైపున కూడిక గుర్తు వంటి మీట ఒకటి ఉన్నది. ఈ ఆకృతిని ఆ సంస్థలోనే పనిచేసిన గున్‌పే యొకోయి అంతకు ముందటి సంవత్సరము, అనగా 1982లో, ఒక చేతి ఆటపరికరం కొరకు రూపొందించినాడు. 1990ల దశకంలో మన పట్టణాలలో టీవీకి తగిలించి ఆడుకొనుటకు అమ్మిన చవుక యంత్రాలు ఎక్కువగా ఈ ఫామికాంకు అనుకరణలే. ఆ యంత్రము చెడిపోయి, కంట్రోలరు మాత్రము అటక మీద మిగిలిపోయిన ఇండ్లు నేటికీ ఎన్నో ఉండవచ్చును.

అట్టి కంట్రోలరు నొకదానిని మేము విప్పి చూచాము. లోపల ఆశ్చర్యకరమైన వస్తువేదీ లేదు. ప్రతి మీట క్రింద ఒక రబ్బరు బొడిపె, దాని అడుగున నల్లని కర్బనపు పూత, ఆ పూత తాకినప్పుడు కలిసే రెండు రాగి గీతలు ఉన్నవి. అనగా ప్రతి మీటయు గోడమీది దీపపు స్విచ్చు వంటిదే. మీటలు ఎనిమిది: పేర్లు గల మీటలు నాలుగు, దిక్కులు నాలుగు. సామాన్యంగా ఎనిమిది స్విచ్చుల స్థితిని తెలిపేందుకు ఎనిమిది తీగలు, వాటికి ఉమ్మడిగా మరియొక తీగ, వెరసి తొమ్మిది కావలెను. కాని ఈ పరికరం నుండి పనికివచ్చే తీగలు అయిదే బయలుదేరుతున్నవి. ఈ పొదుపులోనే అసలు చమత్కారమున్నది.

అమ్రాబాద్ ప్రాంతపు శ్రోతలకు దీనిని చెప్పుట సులభము. చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం జాతరకు వెళ్లినవారందరూ ఆ లోయలోనికి దిగే దారిని ఎరుగుదురు. ఒక ప్రక్క కొండచరియ, ఒక ప్రక్క అగాధము. ఎంత జనమున్నను ఒకరి వెనుక ఒకరు నడువవలసినదే. కంట్రోలరులోని చిన్న చిప్పు చేసేది అదే పని. దానిని షిఫ్ట్ రిజిస్టరు అంటారు. అసలు నింటెండో కంట్రోలరులో ఉన్నది 4021 అనే సంఖ్య గల చిప్పు. ఒక తీగపై సంకేతము రాగానే అది ఎనిమిది మీటల స్థితిని ఒక్కసారిగా పట్టి నిలుపుతుంది. రెండవ తీగపై వచ్చే ఒక్కొక్క తట్టుకు ఒక్కొక్క మీట వార్తను మూడవ తీగ మీదికి పంపుతుంది. నొక్కిన మీటకు సున్న, నొక్కని మీటకు ఒకటి. మిగిలిన రెండు తీగలు విద్యుత్తు కొరకు. ఎనిమిది వార్తలను అడిగి తెలిసికొనుటకు సెకనులో వేయవ వంతు కూడ పట్టదు.

ఈ ప్రశ్నలను పూర్వము అడుగుతూ వచ్చినది ఆటల యంత్రము. ఇప్పుడు మన పిల్లలే అడుగగలరు. అందుకు సాధనము మైక్రోకంట్రోలరు, అనగా ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణపు డిజైను విద్యాలయంలో, ఇంజనీర్లు కాని విద్యార్థులకు సైతం అర్థము కావలెనని ఆర్డుయినో అనే బోర్డును తయారు చేశారు. వేయేండ్ల క్రిందట ఆ పట్టణము నుండి ఇటలీకి రాజయిన ఆర్డుయిన్ పేరును అక్కడి ఒక పానశాల పెట్టుకొన్నది. ఆ పానశాల పేరే ఈ బోర్డుకు వచ్చినది. దాని నిర్మాణపు పటాలను అందరికీ ఇచ్చివేసినందున దానికి సరిసమానమైన బోర్డులు నేడు కొన్ని వందల రూపాయలకే లభిస్తున్నవి. ఊనో అనే రకము బోర్డుపై సంకేతాలు పంపుటకు, అందుకొనుటకు 14 పిన్నులున్నవి. మన కంట్రోలరుకు వాటిలో మూడు చాలును.

కలుపుటకు ముందు కొన్ని జాగ్రత్తలు. తీగల రంగులను నమ్మరాదు. అనుకరణ పరికరాలలో ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు వాడినారు. మల్టీమీటరుతో ఏ తీగ ఎక్కడికి పోతున్నదో చూచి కాగితముపై వ్రాసికొనవలెను. విద్యుత్తు తీగలు రెండూ తారుమారయితే చిప్పు కాలిపోవును. ఫామికాం తరగతి కంట్రోలర్లకు 5 వోల్టులు సరిపోవును. కాని 2006లో వచ్చిన నింటెండో వీ యంత్రపు నన్‌చక్ అనే కంట్రోలరుకు 3.3 వోల్టులే ఇవ్వవలెను. దానిలో చేతి కదలికను మూడు దిశలలో కొలిచే చిప్పు కూడ ఉన్నందున పిల్లలు దానిని మిక్కిలి ఇష్టపడుదురు. అయినను తొందర కూడదు.

నన్‌చక్ పైన అటునిటు వంచే చిన్న కర్ర వంటి మీట ఉన్నది. దాని అడుగున ఉన్నవి రేడియో శబ్దాన్ని పెంచి తగ్గించే గుండీ వెనుక ఉండే భాగము వంటివే, రెండు. విడిగా దొరికే అట్టి మీటను ఊనో బోర్డుకు కలిపితే దాని స్థానము 0 నుండి 1023 వరకు ఒక అంకెగా కనిపిస్తుంది. చేయి తీసివేసినప్పుడు సుమారు 512. ఈ అంకె కొంచెము అటునిటు చలిస్తూ ఉండును. కొలత అనునది ఎన్నడూ పరిపూర్ణము కాదని పాఠ్యపుస్తకము చెప్పే మాట పిల్లలకు అప్పుడు కంటికి కనిపిస్తుంది.

ఇదంతా తెలిసినందువలన ప్రయోజనమేమని పెద్దలు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మంచము పట్టిన తాతగారు గాని అమ్మమ్మగారు గాని ఇంటిలో ఉన్నారనుకొనండి. గొంతెత్తి పిలిచే శక్తి లేదు. మిగిలినవారు చేనిలోనో పెరటిలోనో ఉన్నారు. ఆ పాత కంట్రోలరును వారి చేతి క్రింద ఉంచి, ఒక మీటకు గంటను, మరియొక మీటకు ఎర్రదీపాన్ని అమర్చవచ్చును. ఒకటి నీటికి, ఒకటి అత్యవసరమునకు. ఇది ఊహ మాత్రమే కాదు. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ అవయవ లోపము గలవారి కొరకు పెద్ద మీటలతో ప్రత్యేకమైన కంట్రోలరును వెలువరించి, ఎవరికి వీలయిన స్విచ్చును వారు తగిలించుకొనేందుకు దాని వెనుక గుంటలను అమర్చినది. ఎవరి శరీరానికి ఏ మీట అనువైనదో వారి ప్రక్కన నివసించే మనుమరాలికి తెలిసినంతగా దూరపు కర్మాగారానికి తెలియదు. అయితే ఒక్క మాట: బోర్డుపై ఒక్కొక్క పిన్ను నుండి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసికొనుట మంచిది కాదు. చిన్న దీపానికి, చిన్న బజరుకు అది చాలును. 230 వోల్టుల ఇంటి విద్యుత్తుకు దీనిని పిల్లలు ఎన్నడూ కలుపరాదు.

2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద దేశంలోని వేలాది పాఠశాలలలో టింకరింగ్ ల్యాబులు ఏర్పడినవి. హైదరాబాదు రాయదుర్గంలో 2023లో టీ-వర్క్స్ అనే నమూనాల నిర్మాణ కేంద్రము ప్రారంభమైనది. ఇవి సంతోషింపదగినవే. కాని మన్ననూరు దాటి అడవి లోపలి పెంటలలో పెరిగే చెంచు బాలునికి గాని, అమ్రాబాద్‌లో పదవ తరగతి చదివే బాలికకు గాని హైదరాబాదు దూరము. ఆ దూరము తరిగేవరకు నేర్చుకొనుట ఆగనక్కరలేదు. విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని వద్ద ఒక బోర్డు, ఒక మల్టీమీటరు, పాఠశాలలో ఒక కంప్యూటరు, ఎవరి ఇంటనో మూలపడిన ఒక కంట్రోలరు ఉంటే ఒక తరగతి మొత్తానికి పని దొరుకును. ఒకసారి వ్రాసి బోర్డులోనికి ఎక్కించిన ప్రోగ్రాము విద్యుత్తు పోయినను చెరిగిపోదు. బ్యాటరీతో ఇంటికి తీసికొనిపోయి చూపవచ్చును.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పాత ఆటవస్తువులను తుక్కుకు వేయుటకు ముందు పిల్లల చేతికి ఒక స్క్రూడ్రైవరుతో సహా ఇవ్వండి. విప్పినవాటిలో కొన్ని తిరిగి బిగియకపోవచ్చును. మొదటి దినమే దీపము వెలుగకపోవచ్చును. అప్పుడు మందలింపక, ఏ తీగ ఎక్కడికి పోతున్నదో వారినే అడిగి తెలిసికొనండి.