ఆంగ్ల పరీక్షలలో గ్రంథకర్త మనోభావము
(వార్షిక మహాసభ విద్యార్థి గోష్ఠియందు చదివిన యుపన్యాసము)



పొలమమ్మియో, అప్పు తెచ్చియో బిడ్డలను విదేశములకు చదువుకై పంపు తలిదండ్రులు మన కులస్థులలో నేడు పెక్కండ్రు గలరు. ఆ బిడ్డలకు మొదటి వాకిలి ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వంటి ఆంగ్ల పరీక్ష. అందలి పఠన భాగమున 60 నిమిషములలో 40 ప్రశ్నలకు జవాబు వ్రాయవలయును. పదముల యర్థము నెరిగియు మనవారు తడబడు ప్రశ్న యొకటి గలదు: ఈ విషయమున గ్రంథకర్త వైఖరి యెట్టిది? దానిని గూర్చియే మనవి చేయుచున్నాము.

ఈ తడబాటునకు మందబుద్ధి కారణము కాదు. అచ్చుపడిన మాట యెల్ల సత్యమేయని కంఠస్థము చేయించుట మన పాఠశాలల యలవాటు. ఈ మాట యెవరిది, వ్రాసినవాడు దానిని నమ్మెనా యని యడుగు నుపాధ్యాయుడు అరుదు. కావున వ్యాసకర్త పరమతమును ఖండించుటకై యెత్తి చూపినను, విద్యార్థి దానిని ఆయన మతముగానే గ్రహించును. మరికొందరు తమ యభిప్రాయమునే వ్యాసకర్తకు అంటగట్టుదురు.

నిజమునకు తెలుగువానికి ఈ విద్య క్రొత్త కాదు. ‘వాడు పండితుడు’ అనుటకును ‘వాడు పండితుడట’ అనుటకును గల భేదము పసిబిడ్డయు నెరుగును. ఆ ‘అట’తో వక్త తన పూచీని తొలగించుకొనుచున్నాడు. ఇంగ్లీషున ఆ పనిని ‘క్లెయిమ్’, ‘సపోజెడ్లీ’, ‘సో కాల్డ్’ వంటి మాటలు చేయును. ఒకరు ఒక సంగతిని ‘షో’ చేసిరని వ్రాసినచో గ్రంథకర్త దాని నంగీకరించినట్లు. ‘క్లెయిమ్’ చేసిరని వ్రాసినచో తాను దూరముగా నిలిచినట్లు.

ముందు ఒప్పుకొని పిదప మరలు రీతి ఇంతకన్న చిక్కైనది. డార్విను 1859లో ప్రకటించిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ గ్రంథమున, కన్ను వంటి యవయవము ప్రకృతి వరణముచే నేర్పడెననుట అసంబద్ధముగా తోచునని తానే చెప్పి, వెంటనే అది యెట్లు సాధ్యమో వివరించెను. మొదటి వాక్యమును మాత్రమే యెత్తి చూపి, డార్వినే తన సిద్ధాంతమును శంకించెనని వాదించువారు నేటికిని గలరు. ‘బట్’, ‘హౌఎవర్’ కనబడినచోట వ్రేలుంచి, ఆ తరువాతి వాక్యమును రెండుమారులు చదువుడు.

ఇక వ్యంగ్యము. స్విఫ్టు 1729లో వ్రాసిన ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ ఐర్లండు దేశపు పేదల పసిబిడ్డలను ధనికులకు ఆహారముగా నమ్ముమని లెక్కలతో సహా ప్రతిపాదించును! అక్షరార్థము గ్రహించినవాడు స్విఫ్టును రాక్షసు డనును. పొగడ్త మాటున నింద నిమిడ్చు వ్యాజస్తుతికి అలవడిన చెవి మాత్రము, పేదల నుసురు పోసికొనువారిపై ఆయన కోపమును పసిగట్టును.

జవాబుల పట్టికలోను ఉచ్చులు గలవు. ‘ఇండిఫరెంట్’ అనునది సరియగుట బహు అరుదు; పట్టని సంగతిపై పుటలకొలది వ్రాయువా డెవడు? ‘క్వాలిఫైడ్ అప్రూవల్’ అనగా పట్టా పొందినవాని సమ్మతి కాదు, షరతులతో గూడిన సమ్మతి. ‘నో’ యనుటకును ‘నాట్ గివెన్’ అనుటకును గల భేదమునందే మనవారు మార్కులు మిక్కిలిగా పోగొట్టుకొనుచున్నారు. గ్రంథకర్త కాదనినచో ‘నో’. ఏమియు ననకున్నచో ‘నాట్ గివెన్’. మౌన మర్ధాంగీకార మను లోకోక్తి ఇచ్చట చెల్లదు.

మన విద్యార్థి వసతిగృహములలో రాత్రి భోజనానంతరము అర్ధగంట సేపు ఒక తెలుగు సంపాదకీయమును, ఒక ఆంగ్ల సంపాదకీయమును చదివించి, రచయిత మనసు ఏ మాటవలన తెలిసినదో ఆ మాట క్రింద గీత గీయింపవలయునని మా కోరిక. మాటను చూపలేనివాని జవాబు సరియైనను అది యూహయే. ఇందుకు వేలకొలది రుసుము పుచ్చుకొను శిక్షణ కేంద్రములతో పని లేదు. వసతిగృహమున కిద్దరు పట్టభద్రులు చాలుదురు. ముందుకు వచ్చువారి పేరులను కార్యదర్శిగారు ఈ సాయంకాలమే వ్రాసికొందురని ఆశించుచున్నాము.