తోసలి మహామాత్రులకు అశోకుడు చెప్పినది

ప్రాచీన విజేతల ఆలోచనలు చాలావరకు ఇతరుల కలం నుంచే లోకానికి చేరగా, క్రీ.పూ. 3వ శతాబ్దపు మౌర్య చక్రవర్తి అశోకుడు మాత్రం అధికారం గురించీ కీర్తి గురించీ తాను అనుకున్నది తన పేరుతోనే బండరాళ్ల మీద చెక్కించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గరి రాళ్ల మీద ఆయన 14 ప్రధాన శిలాశాసనాలూ ఉన్నందువల్ల, తెలుగు నేల మీద పట్టాలు అందుకుంటున్న స్నాతకులకు ఈ విషయం పరాయిది కాదు.

పట్టాభిషేకం జరిగిన 8 ఏళ్లకు అశోకుడు కళింగను జయించాడు. ఆ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఇతరత్రా నశించారని 13వ శాసనం ఒప్పుకుంటుంది. చనిపోయినవారి లెక్కతో ఆగకుండా, తమకు ఏ గాయమూ తగలకపోయినా ఆప్తుల కష్టం చూసి కుమిలిపోయేవారి బాధను కూడా ఆ శాసనం యుద్ధ ఫలితాల్లోనే చేర్చింది. ఇక మీదట ధమ్మవిజయమే, అంటే కరుణ, దానం, పెద్దల పట్ల గౌరవం వంటి నడవడి మనుషుల్లో పాదుకొనేలా చేయడం ద్వారా వచ్చే గెలుపే, ముఖ్యమైనదని ప్రకటించింది. అయితే ఈ పశ్చాత్తాపాన్ని వర్ణించేవారు తరచుగా దాటవేసే సంగతులు రెండున్నాయి. అడవుల్లో నివసించే జాతులకు, పశ్చాత్తాపపడుతున్నప్పటికీ చక్రవర్తికి దండించే శక్తి ఉందన్న హెచ్చరిక అదే శాసనంలో ఉంది. ఎర్రగుడిలో చదవదొరికే ఆ 13వ శాసనం, కళింగలోనే ఉన్న ధౌళి, జౌగడ రాళ్ల మీద లేదు. ఓడిన ప్రజల కళ్లెదుట వారి చావుల లెక్క చెక్కించకపోవడం రాజనీతి కావచ్చు, మొహమాటం కావచ్చు; ఏదైనా, అశోకుణ్ణి సాధువుగా మాత్రమే చూపే బొమ్మ అసంపూర్ణం.

ఆకాంక్ష విషయంలో 10వ శాసనం చెప్పేది స్నాతకులకు మరింత పనికివస్తుంది. ప్రజలు ధమ్మాన్ని ఆచరించాలన్నదే తన కోరిక గనుక, ఆ మేరకు తప్ప యశస్సుకూ కీర్తికీ గొప్ప ప్రయోజనం లేదని చక్రవర్తి అందులో అంటాడు. సర్వం వదులుకుని గట్టిగా శ్రమిస్తే తప్ప పాపానికి దూరంగా ఉండడం చిన్నవారికైనా పెద్దవారికైనా కష్టమేనని, పెద్దవారికి మరీ కష్టమని కూడా చేరుస్తాడు. ఎత్తుకు ఎదిగినకొద్దీ సద్గుణం సులభమవుతుందన్న భ్రమ ఆయనకు లేదు.

నాయకత్వమంటే ఆయన దృష్టిలో ముందుగా అందుబాటు. 6వ శాసనం ప్రకారం, ప్రతివేదకులు, అనగా ప్రజల వ్యవహారాలను రాజుకు నివేదించే వార్తాహరులు, ఆయన భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, పల్లకిలో వెళ్తున్నా, ఉద్యానవనంలో ఉన్నా వచ్చి విషయం చెప్పవచ్చు. ఎంత శ్రమించినా తనకు తృప్తి కలగదని, ఆ శ్రమంతా జీవులకు తాను పడిన ఋణం తీర్చుకోవడానికేనని ఆయన చెప్పుకున్నాడు.

అయినా, పట్టా పుచ్చుకుని రేపు ఏదో ఒక కార్యాలయంలోనో, ఆసుపత్రిలోనో, న్యాయస్థానంలోనో కూర్చోబోయే విద్యార్థికి చక్రవర్తి కన్నా ఆయన కింది మహామాత్రుడే దగ్గరివాడు. మహామాత్రులంటే మౌర్య పాలనలోని ఉన్నతాధికారులు. కళింగలోని తోసలి నగరంలో న్యాయవ్యవహారాలు చూసేవారిని ఉద్దేశించి ధౌళిలో ప్రత్యేకంగా ఒక శాసనం చెక్కించారు. మనుషులందరూ తన బిడ్డలేనన్న ప్రసిద్ధమైన మాట అందులోదే గాని, దాని అసలు సత్తువ ఆ తర్వాతి వాక్యాల్లో ఉంది. నగరంలో ఎవరో ఒకరు అకారణంగా చెరసాల పాలవుతారని, దానివల్ల ఇంకెందరో బాధపడతారని గుర్తుచేసి, న్యాయం తప్పించే గుణాలను చక్రవర్తి వరసగా చెబుతాడు: ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. ఈర్ష్యను, క్రౌర్యాన్ని దోషాలుగా ఏ నీతిగ్రంథమైనా చెబుతుంది. తొందరనూ అలసటనూ వాటి సరసన నిలబెట్టినవాడు మాత్రం, కచేరీలో సాయంత్రం పూట తీర్పులు ఎలా వెలువడతాయో ఎరిగినవాడై ఉండాలి. కోపానికి లొంగకపోవడం, తొందరపడకపోవడం అన్నిటికీ మూలమని కూడా ఆ శాసనం అంటుంది.

హితవు చెప్పి ఊరుకోకుండా, పనితీరు చూసి రావడానికి కోపిష్ఠి కాని, కఠినుడు కాని అధికారిని 5 ఏళ్లకోసారి పర్యటనకు పంపుతానని, ఉజ్జయిని, తక్షశిల రాజకుమారులు కూడా 3 ఏళ్లు మించకుండా అలాగే పంపుతారని అశోకుడు అందులో ప్రకటించాడు. ఆ శాసనాన్ని తిష్య నక్షత్రం, అంటే తెలుగువారు పుష్యమి అనే నక్షత్రం, ఉన్న రోజుల్లో వినిపించాలని, మధ్యలో కూడా వీలైనప్పుడల్లా, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలని అదే రాతిమీద ఆదేశించాడు. దానివల్ల అధికారి నుంచి చక్రవర్తి ఏమి ఆశించాడో, ఆ అధికారి ముందు రేపు నిలబడవలసిన నగరవాసికి కూడా తెలిసే వీలు కలిగింది.