బడి తెరచు వేళ: మన దీపములు, పొరుగువారి బొగ్గు

(జూన్ మాసములో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



మరి నాలుగు దినములలో బడులు తెరచెదరు. కొన్ని ఏండ్లుగా తెలంగాణలో జూన్ 12వ తేదీ బడి గంట మ్రోగు దినముగా స్థిరపడినది. ఫీజులు, పుస్తకములు, యూనిఫారములు, బస్సు ఖర్చు అను చింతలతో మీరు ఇక్కడ కూర్చున్నారని మాకు తెలియును. అయితే మాకు అప్పగించిన అంశము విద్యుత్తు పొదుపు. ఈ మాట వినగానే వెనుక బెంచీలలో ఒకరిద్దరు గడియారము చూచుకొనిరి. స్విచ్చి ఆపుమని చెప్పుటకు ఫాదరుగారు ఇంత దూరము రావలెనా అని వారి ముఖములలో కనబడుచున్నది. నిజమే, స్విచ్చి సంగతి గోడమీద వ్రాసినను సరిపోవును. ఆ తీగ అవతలి కొనలో ఎవరున్నారో ఈ దినము ఆలోచింతము.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలైనవి. అంతకు ముందు మూడును వరంగల్లు జిల్లాలోనివే. చుట్టరికములు, సంతలు, పండుగలు ఇప్పటికిని కలిసియే యున్నవి. భూపాలపల్లి చేరువలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రము ఉన్నది. 2010లో 500 మెగావాట్ల యంత్రము, 2016లో 600 మెగావాట్ల యంత్రము అక్కడ పని మొదలుపెట్టినవి. మన బడి ఫ్యానులో తిరుగు కరెంటు చెల్పూరుదా, రామగుండముదా, శ్రీశైలము నీటిదా అని ఎవరును వేరుచేసి చెప్పలేరు. అన్నియు ఒకే తీగలలో కలియును. కాని మన రాష్ట్రము వాడు కరెంటులో పెద్ద పాలు బొగ్గు కాల్చగా వచ్చినదే. అందులో కొంత మన చుట్టములు త్రవ్విన బొగ్గు.

ఒక యూనిట్టు కరెంటుకు సుమారు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలును. ఈ లెక్కను ఒక బడికి అన్వయించి చూతము. ఇరువది గదులు, గదికి నాలుగు ఫ్యాన్లు అనుకొందము. పాత రకపు ఫ్యాను ఒకటి 75 వాట్లు తీసికొనును. ఎనుబది ఫ్యాన్లు గంటసేపు తిరిగిన ఆరు యూనిట్లు. ఉదయపు ప్రార్థనకు పిల్లలు ఆవరణలో నిలుచున్నప్పుడు, మధ్యాహ్నము చెట్లక్రింద అన్నము తినుచున్నప్పుడు, ఖాళీ గదులలో ఫ్యాన్లు తిరుగుచున్న కాలమంతయు కలిపి దినమునకు ఒక గంట అనుకొన్నను, 220 పనిదినములకు 1320 యూనిట్లు. అనగా ఏడాదికి దాదాపు తొమ్మిది క్వింటాళ్ళ బొగ్గు. మన దేశపు బొగ్గులో మూడవ వంతుకు అటు ఇటుగా బూడిదయే గనుక, మూడు క్వింటాళ్ళ బూడిద ఎవరి ఊరి ప్రక్కనో గుట్ట పడును. ఇది ఒక బడిలో, ఒక గంట లెక్క. బల్లలమీద గాలి విసరుటకు ఇంత బొగ్గు కాలినది.

ఇప్పుడు ఆ బొగ్గు దగ్గరకు పోదము. భూపాలపల్లిలో సింగరేణివారి కాకతీయ గనులున్నవి. కొన్ని భూగర్భ గనులు, కొన్ని ఓపెన్‌కాస్టులు. మన పల్లెలలో గని అని అనరు, బాయి అందురు. బాయి పనికి పోవు తండ్రి రాత్రి షిఫ్టు చేసి ఉదయము ఇల్లు చేరి, తన పిల్ల జడ వేసికొని బడికి పోవు వేళకు నిద్రకు ఒరుగును. వేసవిలో ఆ ప్రాంతపు ఎండ సంగతి మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. గనిలో వేడి, బయట వేడి, ఇంటి రేకులక్రింద వేడి. ఓపెన్‌కాస్టు దగ్గర ప్రేలుడు చేసినప్పుడు ఇండ్ల గోడలు అదురును. లారీలు పోవు దారిలో ఆరవేసిన బట్టలు సాయంకాలమునకు నల్లని దుమ్ము పట్టును. ఈ పని వలననే వేల కుటుంబములు తినుచున్నవి, పిల్లలు చదువుచున్నారు. అందుచేత గనులు మూయుడని మేము పలుకబోము. బాయి కూలి తిని పెరిగిన పిల్లలు మన బడులలోనే ఇంజనీర్లు, నర్సులు, గురువులు అయిరి. ఒక్క మాట మాత్రము అడుగుచున్నాము. ఒక మనిషి ఇంత శ్రమపడి పైకి తెచ్చిన దానిని ఎవరును లేని గదిలో కాల్చుట అతనికి మర్యాదయేనా?

నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రి ప్రభువును అడిగెను. జనగామలో స్విచ్చి దగ్గర నిలిచిన విద్యార్థికి భూపాలపల్లిలో రాత్రి షిఫ్టు దిగిన మనిషి పొరుగువాడని మన బడులు నేర్పవలెను. విజ్ఞాన శాస్త్రపు ఉపాధ్యాయులు కిలోవాట్లు చెప్పెదరు. సాంఘిక శాస్త్రమువారు గనుల పటము చూపెదరు. సత్యోపదేశపు తరగతిలో ఈ రెంటిని ముడివేయవలసినది మనము.

ఈ ముడి మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు త్రవ్వకము మొదలైనది. ఆ బొగ్గును చేరవేయుటకే డోర్నకల్ నుండి ఇల్లందువైపు రైలు మార్గము వేసిరి. ఆ బొగ్గు రైలు జంక్షనులోనే 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు కాపురముండి సువార్త పని చేసిరి. 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్పు అయిరి. పిల్లలకు చదువుతోపాటు చేతి పని, పొలము పని రావలెనని వారు పట్టుబట్టిరి. వారిది మన సభ కాదని ఆ పాఠము విడిచిపెట్టనక్కరలేదు. చేతితో పని చేసినవానికే వస్తువు విలువ తెలియును.

మన వరంగల్లు మేత్రాసనము 1952లో ఏర్పడినప్పుడు చాల పల్లెలకు కరెంటు లేదు. హాస్టలు పిల్లలు కందిలి చుట్టు కూర్చుండి చదివిన కాలమది. ఒక కందిలికి ఏడెనిమిది మంది. గ్యాసునూనె కొలిచి పోసెడివారు. గ్లాసు తుడుచుట ఒకని వంతు, వత్తి కత్తిరించుట మరొకని వంతు. ఆ కాలము బంగారు కాలమని పొగడుట మా ఉద్దేశము కాదు. పొగకు కండ్లు మండెను, దూరముగా కూర్చున్న చిన్నవానికి అక్షరములు కనబడలేదు. అయినను ఆ వెలుతురు అందరిదని, దాని బాగోగులు అందరి పని అని ఆ పిల్లలకు ఎవరును ఉపన్యాసము చెప్పలేదు. నేడు గదికి నాలుగు లైట్లున్నవి, వాటిని చూచు వంతు ఎవరికిని లేదు. గదికి ఒక విద్యార్థిని వారమునకు ఒకరు చొప్పున దీప సంరక్షకునిగా పెట్టిన ఆ వంతు తిరిగి వచ్చును. బాగుగా చదువు పిల్లలకే ఈ గౌరవము ఇయ్యక, వెనుక బెంచీవారికి మొదట ఇయ్యుడి. వారు మనకంటె కఠినముగా అమలు చేసెదరు. ఉపాధ్యాయుల గదిని కూడ విడువరు.

ఇక చెప్పుటకు కొంచెము కష్టమైన మాట. పొదుపు అని పెద్దల నోట రాగానే అది చిన్నవారి నెత్తిన పడును. బిల్లు ఎక్కువైనదని హాస్టలులో రాత్రి తొమ్మిదింటికే ఫ్యాన్లు కట్టించు చోట్లున్నవి. అదే ఆవరణలో ఆఫీసు గదిలో ఏసీ ఉదయమునుండి సాయంకాలము వరకు, కుర్చీలో ఎవరున్నను లేకున్నను, నడచుచుండును. ఒకటిన్నర టన్నుల ఏసీ కంప్రెసరు ఆడుచున్నంతసేపు ఇంచుమించు ఒకటిన్నర కిలోవాట్లు తీసికొనును. అనగా ఇరువది ఫ్యాన్ల కరెంటు. తండాలనుండి, గూడెములనుండి వచ్చిన ఇరువది మంది పిల్లలు చెమటతో దొర్లుచుండగా మిగిలిన యూనిట్లను మనము పొదుపు అని లెక్క వ్రాయరాదు. దానికి వేరే పేరున్నది. కోత మొదట ఆఫీసులో, గురువుల నివాసములో, గుడిలో జరుగవలెను. గుడి అని ఏల అన్నామనగా, పండుగ గడచి నెల దాటినను గోపురముమీద రంగు దీపములు తెల్లవార్లు వెలుగుచున్న విచారణలను ఎరుగుదుము. ఇంటనున్న వారందరికి వెలుగిచ్చుటకే దీపమును దీపస్తంభముమీద పెట్టుదురని ప్రభువు చెప్పెను. అర్ధరాత్రి తాళము వేసిన ఆవరణలో అది గబ్బిలములకు వెలుగిచ్చుచున్నది.

మా ఇంటికి బిల్లే రాదు గదా ఫాదర్ అని కొందరు తల్లులందురు. 2024 నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హులైన కుటుంబములకు నెలకు 200 యూనిట్లలోపు ఉచితము. 2018 జనవరి నుండి వ్యవసాయపు మోటార్లకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చినది. కూలి చేసికొను వితంతువుకు సున్న బిల్లు ఎంత ఊరటయో విచారణలు తిరుగు మాకు తెలియును. దానిని తప్పుపట్టుట మా పని కాదు. అయితే ఆ సున్న మన చేతికి వచ్చు కాగితముమీదనే. బాయిలో ఆ యూనిట్టుకు తట్ట బరువు తగ్గలేదు. అయిదు వేలమందికి రొట్టెలు పంచిన సాయంకాలము ప్రభువు మిగిలిన ముక్కలను గంపలకెత్తించెను. మరల ఎన్ని రొట్టెలైనను చేయగలవాడు ముక్కలను ఏల ఏరించెనో ఈ సున్న బిల్లు కాలములో తీరికగా ఆలోచింపవలెను. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన "లౌదాతో సి" లేఖలోను, అనవసరపు దీపములు ఆర్పుట, నీరు తక్కువ వాడుట వంటి చిన్న పనులను పేరుపెట్టి చెప్పిరి. అంత పెద్ద లేఖలో స్విచ్చికి కూడ చోటు దొరికినది!

నీరు అనగానే జనగామవారు తల ఎత్తిరి. అక్కడ బోరు ఎంత లోతుకు పోవలెనో వారికే తెలియును. అయిదు హార్సుపవరు మోటారు గంట నడచిన దాదాపు నాలుగు యూనిట్లు ఖర్చు. ట్యాంకు నిండి పొర్లుచున్నను మోటారు కట్టనియెడల నీరు, కరెంటు రెండును ఒకే కాలువలో పోవుచున్నవి. ట్యాంకులో నీటి మట్టము చూచి తానే ఆగు స్విచ్చి ఇప్పుడు చౌకగానే దొరకును. కారుచున్న నల్లాలకు వాషర్లు వేయించుట అంతకంటె చౌక.

పైకప్పు సంగతి మరువకుడి. రేకుల గదులలో పిల్లలు జూన్‌లో ఉడికిపోవుదురు. పైకప్పుకు చిక్కగా తెల్ల సున్నము పట్టించిన ఎండ చాలవరకు తిరిగి పోవును, లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గును. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది కూడ ఇందుకే. మన తాతలు సున్నము కొట్టినది అందము కొరకేనని మనము అనుకొంటిమి. తల్లిదండ్రులలో సున్నము వేయగలవారు ఈ శనివారము రండి, బ్రష్షులు బడివారు ఇచ్చెదరు. అదే దినము కిటికీలకు అడ్డముగా నిలిపిన బీరువాలు జరిపి, అద్దములమీద అతికించిన పాత చార్టులు తీసివేసిన పగటిపూట సగము లైట్లు అక్కరకు రావు. కాలిపోయిన ఫ్యాను మార్చునప్పుడు 30 వాట్ల చుట్టుప్రక్కల నడచు బీఎల్‌డీసీ రకము కొనుడి. ధర ఎక్కువే, కాని కరెంటు సగముకంటె తక్కువ. ఉన్న ఫ్యాన్లన్నియు ఊడబెరికి ఒకేసారి మార్చుటకు అప్పు చేయనక్కరలేదు.

బస్సుల విషయము మా పరిధి కాదేమో గాని, మహబూబాబాద్ చుట్టు ఒకే తండాకు నాలుగు బడుల నాలుగు బస్సులు సగము ఖాళీగా పోవుచున్నవి. యాజమాన్యములు ఒకసారి కలిసి కూర్చుండిన బాగుండును.

చివరిగా ఉపాధ్యాయులకు ఒక విన్నపము. బడి మీటరు ఎక్కడున్నదో పిల్లలకు చూపుడి. చాలమంది పెద్దలకును తెలియదు. ప్రతి సోమవారము ప్రార్థన తరువాత ఎనిమిదవ తరగతి పిల్లలు రీడింగు వ్రాసి, గడచిన వారము ఎన్ని యూనిట్లు, ఎన్ని కిలోల బొగ్గు అని నల్లబల్లమీద పెట్టవలెను. హాస్టలుకు, ఆఫీసుకు, తరగతి గదులకు వేర్వేరు మీటర్లున్న వేర్వేరుగానే వ్రాయుడి, దాచకుడి. తగ్గిన బిల్లులో మిగిలిన సొమ్ము ఎక్కడికి పోవునో కూడ ముందుగానే తల్లిదండ్రుల సంఘములో నిర్ణయించుడి. హాస్టలు పడక గదులకు ఫ్యాన్లు కొనవలెనని మా అభిప్రాయము. మొదటి రీడింగు జూన్ 12 ఉదయము గంట కొట్టక మునుపే వ్రాసికొనుడి. ఆ దినము తప్పిన యెడల జూలైలో పోల్చి చూచుటకు మన చేతిలో అంకె ఉండదు.